కంచె మేసిన రేవు

రాస్ లనూఫ్ కథ చెప్పాలంటే ముందు ఇద్దరు అన్నదమ్ముల చావు చెప్పాలి. పూర్వం కార్తేజికీ సిరీనీకీ సరిహద్దు తగువు. రెండు నగరాల నుంచీ ఒకే వేళకు మనుషులు బయల్దేరాలి, ఎదురుపడ్డచోటే హద్దు. కార్తేజి తరఫున ఫిలేనీ సోదరులు చాలా దూరం వచ్చేశారు. మోసం చేశారన్నారు సిరీనీవాళ్ళు. ఇక్కడే హద్దు కావాలంటే ఇక్కడే బతికుండగా పూడ్చిపెట్టించుకోండి అన్నారు. వాళ్ళు సరేనన్నారు. రోమన్ చరిత్రకారుడు సాలస్ట్ రాసిపెట్టిన గాథ ఇది. లిబియా తీరంలో ఆ హద్దు పడిందని చెప్పుకునే ప్రాంతానికి చేరువలోనే తర్వాతి కాలంలో రాస్ లనూఫ్ వెలిసింది.

చమురు కోసమే పుట్టిన ఊరు. ముందు సముద్రం, వెనక ఎడారి. 1984లో అక్కడ రిఫైనరీ పూర్తయింది. రోజుకు 2,20,000 పీపాల సామర్థ్యం, దేశంలో అంతకు మించినది లేదు. లోపలి బావుల నుంచి గొట్టాల్లో వచ్చిన ముడిచమురు కొంత ఇక్కడ శుద్ధయ్యేది, కొంత రేవులో ఓడలెక్కేది. పనివాళ్ళకు ఇళ్ళు, ఆసుపత్రి కట్టారు. ఇసుకలో కాపురాలు వేళ్ళూనుకున్నాయి.

2011 మార్చి 4న, దేశాన్ని ఏలుతున్న గడాఫీపై తిరగబడ్డవాళ్ళు ఊరు పట్టుకున్నారు. వారం గడిచేసరికి గడాఫీ సేనలు లాక్కున్నాయి. నెలాఖరులో మళ్ళీ వీళ్ళు, వెంటనే మళ్ళీ వాళ్ళు. కాపురాలు మూటాముల్లె సర్దుకుని రోడ్డెక్కాయి. ఎవరు గెలిచినా ఖాళీ అయింది ఆ ఇళ్ళే.

గడాఫీ పోయాక రేవులకు కాపలాదళం పెట్టారు. దాని నాయకుల్లో ఒకడు ఇబ్రహీం జద్రాన్. గడాఫీ జైల్లో మగ్గినవాడు. 2013లో ఆ కాపలాదళమే రేవులకు తాళం వేసింది. చమురు రాబడిలో తూర్పు ప్రాంతానికి న్యాయమైన వాటా కావాలన్నది అతని వాదన. అందులో నిజం లేదని నేననను. కానీ నీకు కాయమని ఇచ్చిన పొయ్యిని నువ్వే ఆర్పేస్తే పస్తులుండేది ఎవరు? రిఫైనరీ ఆగిపోయింది, ఏళ్ళ తరబడి మళ్ళీ రాజుకోలేదు. ఆఫ్రికాలోకెల్లా ఎక్కువ చమురు నిల్వలున్న దేశం పెట్రోలును బయటి నుంచి కొనుక్కుంటూనే ఉంది.

ఈలోగా పడమటి సిర్తే నగరంలో ఐసిస్ పాగా వేసింది. 2015 జులైలో అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మన తెలుగు అధ్యాపకులు ఇద్దరు అపహరణకు గురయ్యారు. 2016 సెప్టెంబరులో వాళ్ళు విడుదలయ్యేదాకా వాళ్ళ ఇళ్ళలో కంటిమీద కునుకు లేదు. ఆ 2016 జనవరిలోనే ఐసిస్ మూక రాస్ లనూఫ్ మీద పడి ట్యాంకులకు నిప్పు పెట్టింది. వాళ్ళకు ఎదురు నిలిచి పోరాడింది జద్రాన్ మనుషులే. ఈ మాట దాచడం తప్పు.

అదే ఏడాది సెప్టెంబరులో తూర్పు ప్రాంతపు సేనాని ఖలీఫా హఫ్తార్ సేన జద్రాన్‌ను వెళ్ళగొట్టింది. 2018 జూన్ 14న అతను తిరిగొచ్చాడు, ఒకనాడు తాను కాచిన రేవు మీదికే. ఆ పోరులో 2, 12 నంబరు ట్యాంకులు అంటుకున్నాయి.

ముడిచమురు ట్యాంకు పైనుంచి కాలుతూ కిందికి దిగుతుంది. చమురు ఉన్నంత ఎత్తున ఇనుప గోడ నిలబడుతుంది. దాని పైభాగం ఎర్రగా కాగి, మెత్తబడి, నిప్పుల మీద వేసిన అప్పడం అంచులా లోపలికి ముడుచుకుంటుంది. పొగ నల్లగా, బరువుగా, సముద్రం మీదికి వాలుతుంది. వారంలోగా హఫ్తార్ సేన రేవును మళ్ళీ పట్టుకుంది. 9,50,000 పీపాల నిల్వ సామర్థ్యం అప్పటికే 5,50,000కు పడిపోయింది.

ఫిలేనీ సోదరుల పేరున 1937లో ఇటలీవాళ్ళు ఆ తీరపు రోడ్డు మీద పెద్ద తోరణం కట్టారు. 1973లో గడాఫీ దాన్ని పడగొట్టించాడు. దాని మీది కంచు విగ్రహాలు మాత్రం మిగిలాయి. సిర్తేకు తూర్పున సుల్తాన్ అనే ఊళ్ళో చిన్న మ్యూజియం దగ్గర, ఆ అన్నదమ్ములిద్దరూ నేల మీద పడి ఉన్నారు.