సూచీ: సూది మొన చూపేదెంత?
‘సూచీలు కుప్పకూలాయి’ అని చదివి, కొత్త మదుపరులు షేర్లన్నీ పడిపోయాయనే అనుకుంటారు. ఆ అర్థం సూచీ అనే మాటలో లేదు. సంస్కృతంలో సూచి అంటే సూది. మన సూది దాని వికృతే. సూచన, సూచిక, విషయసూచిక అదే ఇంటివి. లాటిన్‌లో ఇండెక్స్ అన్నా చూపుడువేలే. విషయసూచిక పుస్తకం కానట్టే, సూచీ మార్కెట్టు కాదు. సెన్సెక్స్ 30, నిఫ్టీ 50 పెద్ద కంపెనీలనే చూపుతాయి, అదీ చేతులు మారగల షేర్ల విలువను బట్టి ఒక్కోదానికి ఒక్కో బరువుతో. భద్రాచలం ఎదుట సారపాకలో కాగితం మిల్లు నడిపే ఐటీసీ రెండింటిలోనూ ఉంది; అది పెరిగిన రోజునా బరువైన బ్యాంకులు పడితే సూచీ దిగొచ్చు. ఇలాంటిదే ఖమ్మం మిర్చి యార్డులోని జెండా పాట: అది ఆ రోజు మేలురకానికి పలికిన గరిష్ఠ ధర. ప్రతి బస్తాకూ అదే రాదని రైతుకు తెలుసు. జెండా పాట గరిష్ఠం, సూచీ సగటు కదా అనొచ్చు. నిజమే, కానీ సగటు కూడా మన చేతిలోని షేరు ధర చెప్పదు. ఇండెక్స్ ఫండ్‌తో సూచీనే కొనొచ్చుగా అంటే, అక్కడా కొనేది ఆ కంపెనీల షేర్లనే, ఆ బరువుల్లోనే.