విద్యుత్ మూర్ఛ చికిత్స

విద్యుత్ మూర్ఛ చికిత్స (ఇ.సి.టి.) తీవ్ర మానసిక వ్యాధులకు చేసే ఒక వైద్య విధానము. రోగికి మత్తు ఇచ్చి, తలపై ఉంచిన ఎలక్ట్రోడుల ద్వారా కొద్ది సెకన్లపాటు విద్యుత్తును పంపి మెదడులో నియంత్రిత మూర్ఛను కలిగిస్తారు. వాడుకలో దీనిని "కరెంటు షాకు" అంటారు. ఆత్మహత్యా ప్రమాదమున్న తీవ్ర కుంగుబాటు, రోగి మాట, తిండి మాని బిగుసుకుపోయే క్యాటటోనియా, మందులకు లొంగని స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులలో దీనిని ఉపయోగిస్తారు.

చరిత్ర

1938లో ఇటలీలోని రోమ్ నగరంలో ఉగో సెర్లెట్టి, లూచియో బిని దీనిని మొదటిసారి ప్రయోగించారు. తొలినాళ్ళలో మత్తు లేకుండా చేయడం వలన కొందరికి ఎముకలు విరిగేవి. మత్తుమందు, కండరాలను సడలించే మందు వాడుకలోకి వచ్చాక ఈ ప్రమాదం చాలావరకు తొలగినది.

ఫలితాన్ని పెంచే అంశాలు

మూర్ఛ వచ్చినంత మాత్రాన వ్యాధి తగ్గదు. మూర్ఛ కలిగించడానికి కావలసిన కనీస విద్యుత్తు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది.

* మోతాదు: రెండు కణతలపై ఎలక్ట్రోడులు ఉంచినపుడు ఈ కనీస మోతాదుకు సుమారు 1.5 నుండి 2.5 రెట్లు, తలకు కుడివైపు మాత్రమే ఉంచినపుడు సుమారు 6 రెట్లు ఇస్తారు. కుడివైపు పద్ధతిలో మతిమరుపు తక్కువ.
* ఇతర మందులు: బెంజోడయజపిన్లు, మూర్ఛ నివారణ మందులు చికిత్సకు అడ్డు కాగలవు. కనుక వీలైనచోట వైద్యులు వాటిని తగ్గిస్తారు.
* తదుపరి చికిత్స: 2001లో హెరాల్డ్ సాకీమ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, కోలుకున్నవారికి ఉత్తుత్తి మాత్రలు ఇవ్వగా ఆరు నెలలలో 84 శాతం మందికి కుంగుబాటు తిరగబెట్టినది. నార్‌ట్రిప్టిలిన్, లిథియం కలిపి వాడినవారిలో ఇది 39 శాతమే.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో

సాధారణంగా వారానికి 2 లేక 3 సార్లు చొప్పున మొత్తం 6 నుండి 12 సార్లు ఈ చికిత్స చేస్తారు. అందువలన ఆసుపత్రి ఎంత దూరమన్నది కూడా ఫలితంపై ప్రభావం చూపుతుంది. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కరీంనగర్‌కు సుమారు 160 కి.మీ., ఆదిలాబాదుకు సుమారు 300 కి.మీ. దూరంలో ఉన్నది. ఆదిలాబాదులో 2008లో రిమ్స్, కరీంనగర్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినవి. చికిత్స ఎక్కడ పొందినా, ఆ తరువాతి మందులు, లిథియం వాడేవారికి తప్పనిసరైన రక్తపరీక్షలు ఇంటికి దగ్గరలో అందితేనే మేలు నిలుస్తుంది.

చట్టం

భారతదేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మత్తుమందు, కండరాలను సడలించే మందు లేకుండా ఈ చికిత్స చేయరాదు. మైనర్లకు చేయవలసివస్తే సంరక్షకుని సమ్మతి, మానసిక ఆరోగ్య సమీక్షా మండలి ముందస్తు అనుమతి అవసరం.