రోమ్ బహుమతి (సంగీత రచన)

రోమ్ బహుమతి ఫ్రాన్స్‌లో యువ స్వరకర్తలకు 1803 నుంచి 1968 దాకా ఇచ్చిన పురస్కారం. 14వ లూయీ కాలంలో, 1663లో, చిత్రకారులకూ శిల్పులకూ మొదలైన ఈ పోటీలో సంగీతం నూట నలభై ఏళ్లకు చేరింది. గెలిచినవారు ప్రభుత్వ భృతిపై రోమ్‌లోని విల్లా మెదిచీలో ఉండి రచన సాగించేవారు.

తొలి పరీక్షలో ఫ్యూగ్ (ఒకే ఇతివృత్తాన్ని పలు స్వరాలు ఒకదాని వెంట ఒకటి అనుకరించే రచన), బృందగానం రాయాలి. నెగ్గినవారు బయటివారితో సంబంధం లేకుండా వారాల తరబడి గదిలో ఉండి, ఇచ్చిన సాహిత్యానికి కాంటాటా, అంటే గాయకులూ వాద్యబృందమూ కలిసి వినిపించే నాటకీయ గేయం, కూర్చాలి. తుది తీర్పు లలితకళల అకాడమీది. అందులో చిత్రకారులూ శిల్పులూ కూడా ఓటు వేసేవారు.

బెర్లియోజ్ నాలుగుసార్లు విఫలుడై, 1830లో జూలై విప్లవపు తుపాకుల మోతలో కాంటాటా ముగించి గెలిచాడు. గునో (1839), బిజే (1857), మస్నే (1863), దెబ్యుస్సీ (1884) విజేతలే. సేన్ సాన్స్‌కు మాత్రం రెండుసార్లూ నిరాశే.

1905లో రవేల్ తొలి పరీక్షలోనే ఓడిపోయాడు. అప్పటికే పేరున్న స్వరకర్త. 1901లో చిన్న బహుమతి అందుకున్నవాడు. వయోపరిమితి వల్ల అదే ఆఖరి అవకాశం. ఫ్యూగ్‌లో నియమాలు తప్పాడన్నారు. తుది దశకు చేరినవారంతా న్యాయనిర్ణేతల్లో ఒకరైన లెనెప్వ శిష్యులేనని బయటపడగానే పత్రికలు భగ్గుమన్నాయి. తరువాతి కాలంలో రామకృష్ణ, వివేకానందుల జీవిత చరిత్రలు రాసిన రోమా రోలా కూడా ఈ అన్యాయాన్ని ఖండిస్తూ లేఖ రాశాడు. ఆ ఏడాదే పారిస్ సంగీత విద్యాలయ సంచాలకుడిగా దుబ్వా స్థానంలో రవేల్ గురువు ఫోరే వచ్చాడు.

స్త్రీలకు ప్రవేశం 1903లో దొరికింది. 1908లో నాడియా బులాంజేకు రెండో బహుమతి వచ్చింది. ఆమె చెల్లెలు లిలీ 1912లో జబ్బుపడి పోటీ మధ్యలోనే వైదొలగింది. మరుసటి ఏడాది పంతొమ్మిదేళ్ల వయసులో ‘ఫౌస్ట్, హెలెన్’ అనే అద్భుతమైన కాంటాటాతో ప్రథమ బహుమతి సాధించింది. సంగీతంలో ఆ ఘనత పొందిన తొలి స్త్రీ ఆమే. 1918లో, ఇరవై నాలుగేళ్లకే, మరణించింది.

తరువాతి అర్ధ శతాబ్దిలో ద్యుతియే (1938) వంటివారు గెలిచారు. మెస్సియా రెండుసార్లు ఓడాడు. 1968లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో పోటీని రద్దు చేశాడు. సంగీతంలో చివరి విజేత అలె లూవియే.