సర్టిఫికెట్‌కు గడువు ఎవరు పెట్టారు? ఐటీ పరీక్షల చరిత్ర, మన ఇళ్ల లెక్క

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

ఈ మధ్య కొనకనమిట్ల మండలంలోని మా తండా కుర్రోడు ఒకడు ఫోన్ చేశాడు. బెంగళూరులో నెట్‌వర్క్ పని చేస్తున్నాడు. "అన్నా, నా సీసీఎన్ఏ గడువు అయిపోయిందంట. మూడేళ్ల కింద అమ్మ కమ్మలు కుదువ పెట్టి రాసిన పరీక్ష అది. మళ్లీ మొదట్నుంచి రాయాలంట. డిగ్రీకి లేని గడువు దీనికేందన్నా?" అన్నాడు. ఆ రోజు వాడికి సరిగా జవాబు చెప్పలేకపోయా. తర్వాత కూర్చుని తెలిసినదంతా వరసగా పేర్చుకున్నా. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు డబ్బు లెక్క చెప్పుకుందాం. సీసీఎన్ఏ పరీక్ష ఫీజు 300 డాలర్లు. డాలరు 84 రూపాయలనుకుంటే 25,200 రూపాయలు, పన్ను కాక. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే ఆ ఒక్క పరీక్ష 84 రోజుల కూలి. అప్పట్లో ఇంటికి ఏడాదికి గ్యారంటీ ఇచ్చిందే 100 రోజుల పని. ఎండలో కరువు నేల తవ్విన కూలి మొత్తం ఒక్క పరీక్షకే పోతుంది. ఫెయిలైతే మళ్లీ అంతే కట్టాలి. అందుకే గడువు అన్నది మనకు చిన్న మాట కాదు.

ఈ పరీక్షలు ఎట్లా పుట్టాయి

1980లలో ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడానికి నోవెల్ అనే అమెరికా కంపెనీ నెట్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ అమ్మేది. కొన్న ఆఫీసుకు దాన్ని నడిపే మనిషి కావాలి. కాలేజీలో ఆ పాఠం లేదు. వచ్చినవాడికి పని తెలుసో లేదో యజమానికి తెలిసే దారి లేదు. అప్పుడు నోవెల్ తనే పరీక్ష పెట్టి, పాసైనవాళ్లకు సీఎన్ఈ అనే బిరుదు ఇచ్చింది. దీంట్లో కంపెనీకి రెండు లాభాలు. తన సరుకు తెలిసిన మనుషులు తయారవుతారు. ఆ మనుషులు ఏ ఆఫీసులో చేరినా ఆ సరుకే కొనమంటారు.

మిగతావాళ్లు అదే బాట పట్టారు. మైక్రోసాఫ్ట్ 1992లో, సిస్కో 1993లో సీసీఐఈతో మొదలుపెట్టాయి. ఏ ఒక్క కంపెనీ సరుకుకూ కట్టుబడని కాంప్‌టియా ఏ ప్లస్ కూడా 1993లోనే వచ్చింది. సిస్కో కింది మెట్టుగా సీసీఎన్ఏను 1998లో పెట్టింది. పరీక్ష నిర్వహించేది వేరే కంపెనీలు: 1990లో మొదలైన ప్రోమెట్రిక్, 1994లో మొదలైన వీయూఈ. ఈ రెండోదాన్ని 2000లో పియర్సన్ కొనడంతో పియర్సన్ వీయూఈ అయింది.

ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. డోయెక్ పేరుతో ఓ, ఏ, బీ, సీ అని నాలుగు స్థాయిల కంప్యూటర్ పరీక్షలు పెట్టింది. ఆ సంస్థే 2011 నుంచి నీలిట్. కానీ మన కుర్రాళ్ల చెవిలో పడిన పేర్లు మాత్రం అమెరికా కంపెనీలవే. దానికి కారణం హైదరాబాద్.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ బోర్డులు ఒకదానిమీద ఒకటి లేచాయి. మార్కాపురం నుంచి ఎర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా బస్సెక్కి పోయినవాళ్లు హాస్టల్లో మంచం తీసుకుని, జిరాక్సు నోట్సు కొనుక్కుని నేర్చుకున్నారు. ఇంగ్లీషు సరిగా రాకపోయినా, పెద్ద కాలేజీ పేరు లేకపోయినా, స్క్రీన్ మీద పాస్ అని పడితే చాలు, అమెరికావాడి చేతిలో ఉన్న కాగితమే మన చేతిలోనూ ఉంటుంది. పల్లె పిల్లలకు అది నిజంగానే ఒక తలుపు తెరిచింది.

కాగితం పులులు

తలుపు తెరుచుకున్నచోట దొంగదారి కూడా పడింది. పరీక్ష ప్రశ్నలను ఎవరో బయటికి తెస్తారు, ఇంకెవరో అమ్ముతారు, పిల్లలు బట్టీ పట్టి పాసవుతారు. వాటినే డంప్స్ అంటారు. సర్టిఫికెట్ ఉండి సర్వర్ ముట్టుకోవడం రానివాళ్లను అమెరికాలో 1990లలోనే 'పేపర్ ఎంసీఎస్ఈ' అని ఎగతాళి చేసేవాళ్లు. మన దగ్గరా అదే కథ. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బండారం బయటపడుతుంది. దొరికితే కంపెనీ సర్టిఫికెట్ రద్దు చేస్తుంది, మళ్లీ రాయనివ్వకపోవచ్చు కూడా. కమ్మలు కుదువ పెట్టినవాడు డంప్స్ కొంటే రెండు విధాలా నష్టం.

అందుకే కొన్ని పరీక్షలు తీరు మార్చుకున్నాయి. రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఈలో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు. మిషన్ ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు. దానికి బట్టీ పనికిరాదు.

గడువు మీద రెండు గొడవలు

ఇప్పుడు మా కుర్రోడి ప్రశ్నకు వద్దాం. గడువు మొదటినుంచీ అందరికీ లేదు. తర్వాత పెట్టారు. పెట్టినప్పుడు జనం ఎదురు తిరిగారు కూడా.

మొదటిది మైక్రోసాఫ్ట్‌ది. విండోస్ 2000 వచ్చాక, పాత విండోస్ ఎన్‌టీ 4.0 మీద ఎంసీఎస్ఈ పాసైనవాళ్లు 2001 డిసెంబర్ 31లోగా కొత్త పరీక్షలు రాయాలి, లేకపోతే బిరుదు పోతుంది అన్నారు. ప్రపంచమంతా గగ్గోలు లేచింది. ఆఫీసుల్లో ఇంకా ఎన్‌టీనే నడుస్తోంది, మా చదువు ఎట్లా చెల్లదంటారు అని నిలదీశారు. 2001 అక్టోబర్‌లో కంపెనీ వెనక్కి తగ్గింది. పాతది పాతదిగానే ఉంటుంది, కొత్తది కొత్త పేరుతో ఉంటుంది అంది.

రెండోది కాంప్‌టియాది. ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ మూడూ జీవితాంతం చెల్లుతాయని చెప్పి ఇచ్చినవే. 2010 జనవరిలో, ఇక మూడేళ్లకోసారి రెన్యువల్ చేయాలి, పాతవాళ్లకూ అదే రూలు అన్నారు. ఇచ్చిన మాట తప్పుతారా అని మళ్లీ గొడవ. కొన్ని వారాల్లోనే రూలు మారింది. 2011 జనవరి 1కి ముందు పాసైనవాళ్లకు జీవితాంతం, తర్వాతవాళ్లకు మూడేళ్లు.

గడువు వెనక న్యాయమైన కారణం లేదా అంటే ఉంది. ఐఎస్ఓ 17024 అని మనుషుల నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆ నైపుణ్యం ఇంకా ఉందా లేదా అని మళ్లీ మళ్లీ చూడాలి. పైగా ఈ రంగం నిలకడగా ఉండదు. సీఎన్ఈ రాసినవాళ్ల చదువు తప్పేం కాదు. విండోస్ ఎన్‌టీ వచ్చి నెట్‌వేర్‌నే పక్కకు నెట్టేసింది. ఆ కాగితానికి ఎవరూ తేదీ వేయకుండానే విలువ పడిపోయింది. అట్లాగని ఫీజు మళ్లీ మళ్లీ వస్తుందన్న వ్యాపారం లేదనుకోవద్దు. రెండూ ఉన్నాయి.

ఇటీవల దారులు వేరువేరయ్యాయి. మైక్రోసాఫ్ట్ 2021 నుంచి పై స్థాయి సర్టిఫికెట్లకు గడువు ఏడాదికి తగ్గించింది, కానీ రెన్యువల్ పరీక్ష ఇంట్లో కూర్చుని ఉచితంగా రాసుకోవచ్చు. గడువుకు ముందు ఆరు నెలల్లో ఎప్పుడైనా రాయొచ్చు. ఏజెడ్-900 లాంటి మొదటి మెట్టు వాటికి గడువే లేదు. అమెజాన్ ఏడబ్ల్యూఎస్‌కు మూడేళ్లు. పాసైనవాళ్లకు తర్వాతి పరీక్ష సగం ఫీజుకే ఇస్తారు. కుబర్నెటీస్ సీకేఏకు మూడేళ్లుండేది, 2024 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్లే.

సిస్కో సంగతి మా కుర్రోడికి తెలియాల్సింది. 2020 ఫిబ్రవరి నుంచి సీసీఎన్ఏను మళ్లీ పరీక్ష రాయకుండా కూడా నిలబెట్టుకోవచ్చు. కోర్సులు చేసి 30 పాయింట్లు తెచ్చుకుంటే చాలు. మధ్యమధ్యలో పాయింట్లిచ్చే ఉచిత కోర్సులు కూడా సిస్కో పెట్టింది. కానీ అదంతా గడువులోపే చేయాలి. ఒక్కరోజు దాటినా మొదటికి వస్తుంది. వాడికి చదువు రాక కాదు, చెప్పేవాళ్లు లేక పోయింది.

మన పెద్దలకు తెలిసిన రెన్యువల్

పరీక్ష సెంటర్‌కు పోతే ఫోటో తీస్తారు, సంతకం తీసుకుంటారు, జేబులు చూస్తారు. గుర్తింపు కార్డులో పేరు, రిజిస్టర్ చేసుకున్న పేరు ఒకటే ఉండాలి. పదో తరగతిలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, ఒకదాంట్లో నాయక్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఈ బాధ మన ఇళ్లల్లో ఎవరికి లేదు? కట్టిన ఫీజు పోయి గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది.

నువ్వెవరో కాగితంతో నిరూపించుకో అనడం మనకు కొత్త కాదు. బ్రిటిషువాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల, యానాది, సుగాలి వాళ్లలో ఎందరినో ఆ చట్టం కింద చేర్చారు. పేరు రిజిస్టర్‌లో ఎక్కించి వేలిముద్రలు తీసేవాళ్లు. హాజరు చెప్పుకోవాలి. ఊరు దాటాలంటే పోలీసులకు తెలపాలి, చీటీ తీసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. ఆ కాగితం ఒక మనిషిని పుట్టుకతోనే అనుమానించింది. దాన్ని వద్దనే హక్కు మన తాతలకు లేదు, రూలు మార్చమని అడిగే నోరూ లేదు.

ఈ కాగితం అట్లాంటిది కాదు. రాయాలా వద్దా మనమే తేల్చుకోవచ్చు. రూలు చదవొచ్చు, అన్యాయమైతే అడగొచ్చు. 2001లో, 2010లో అడిగినందుకే మారింది. కాబట్టి గడువు అనగానే తల దించుకోవద్దు, భయపడి వదిలేయొద్దు.

కాబట్టి ఏం చేద్దాం

ఫీజు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. దీనికి గడువెంత? రెన్యువల్ ఉచితమా, పాయింట్లా, మళ్లీ పరీక్షా? నేను అడుగుతున్న ఉద్యోగాల ప్రకటనల్లో ఈ పేరు నిజంగా కనపడుతోందా? ఫీజు ఇంకెవరైనా కడతారా?

చేతిలో డబ్బు లేకపోతే మొదట గడువు లేనివాటితో, ఫీజు తక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టండి. ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సులు చదవడం ఉచితం. పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. నాలుగు సర్టిఫికెట్లు కుప్ప పోసుకోవడం కంటే ఒకటి బాగా నేర్చుకుని దాన్ని నిలబెట్టుకోవడం మేలు.

ఇంటి దగ్గర్నుంచి రాసే వీలున్న పరీక్షలు ఇప్పుడు చాలా ఉన్నాయి. కానీ గదిలో మరో మనిషి కనపడకూడదు, మాట వినపడకూడదు, నెట్ ఆగకూడదు. ఒకటే గది ఉన్న ఇంట్లో, కరెంటు పోయే వేళల్లో అది జూదమే. సెంటర్ దూరమైనా అక్కడికే పోయి రాయండి. పాసైన రోజే గడువు తేదీని ఫోన్‌లో పెట్టుకోండి. ఏడాది ముందు ఒకటి, ఆరు నెలల ముందు ఒకటి మోగాలి. పేర్ల తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

మార్కాపురం పలక దేశమంతా పోయింది. ఆ పలక మీద మనం అక్షరం రాసి, తుడిచి, మళ్లీ రాసి నేర్చుకున్నాం. తుడిచినంత మాత్రాన అక్షరం మరిచిపోలేదు. మా కుర్రోడికి ఇదే చెప్పా. ఇంకో మాట కూడా చెప్పా: "మీ మేనేజర్‌ను అడుగు, ఫీజు కంపెనీ కడుతుందేమో." "అట్టా అడగొచ్చా అన్నా?" అన్నాడు. మూడేళ్లు పనిచేసిన చోట ఆ మాట అడగొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. అడిగాడు. పాసైతే ఫీజు తిరిగి ఇస్తామన్నారంట. ఈసారి కమ్మలు అమ్మ చెవులకే ఉంటాయి.

మీలో ఎవరి సర్టిఫికెట్ గడువైనా ఈ ఏడాది అయిపోతుంటే ఇక్కడ రాయండి. తెలిసినవాళ్లం దారి చెబుతాం. మాకు తెలియనిది మీకు తెలిస్తే మీరు చెప్పండి.