స్వాలోఫీల్డ్ గోడ మీది పటం

నిలువెత్తు పటం. మెట్ల మీద ఇద్దరు పిల్లలు, వెనక పెద్ద తెర. పిల్లవాడికి నాలుగేళ్లు దాటాయంతే. ఎర్రటి జామా, దానికి జరీ అంచు, నెత్తిన జరీ టోపీ, మెడలో వాడి వయసుకు మించిన ముత్యాల దండ, కాళ్లకు మొనలు పైకి తిరిగిన జోళ్లు. చెల్లెలు ఒక మెట్టు పైన నిలబడి అన్న భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆ పిల్లకి మూడేళ్లు. 1805లో మద్రాసులో జార్జి చినరీ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ అది.

మూడున్నర దశాబ్దాల తరవాత ఆ పటం ఇంగ్లండులో ఉంది. రెడింగ్ దగ్గర స్వాలోఫీల్డ్ అనే పెద్ద బంగళా గోడకి వేలాడుతోంది. ఆ ఇల్లు చూడ్డానికి వచ్చిన నడివయసు ఇల్లాలు దాని ముందుకొచ్చి ఆగిపోయింది. ఆమె కెప్టెన్ ఫిలిప్స్ గారి భార్య కిట్టీ. చూస్తూ చూస్తూనే భోరుమంది. పటంలో అన్న భుజం మీద చెయ్యి వేసిన పిల్ల తనే.

ఆ పిల్ల అసలు పేరు నూరున్నిసా. ముద్దుగా సాహిబ్ బేగం అనేవారు. పుట్టింది హైదరాబాదులో, 1802 ఏప్రిల్ 9న.

తండ్రి జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫు రెసిడెంటు. 1764లో మద్రాసులోనే పుట్టిన మనిషి. హుక్కా తాగేవాడు, హైదరాబాదీ దుస్తులు కట్టేవాడు. నిజాం ఆయనకి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. తల్లి ఖైరున్నిసా సయ్యద్ల ఇంటి బిడ్డ, దివాన్ మీర్ ఆలంకి దగ్గరి బంధువు. తెల్ల అధికారీ, పరదా చాటు పిల్లా ఎలా కలిశారన్నది ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. 1801 మార్చిలో కొడుకు పుట్టాడు. జేమ్స్ మతం మార్చుకుని నిఖా చేసుకున్నాడు. పిల్ల వైపు పెద్దల్లో గట్టిగా నిలబడ్డది ఆమె తల్లి షరఫున్నిసా. ఈ పేరు గుర్తుంచుకోండి, కథంతా చివరికి ఆమె దగ్గరికే వస్తుంది.

కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ సంగతి తెలిసి మండిపడ్డాడు. మద్రాసులో రహస్య విచారణ జరిగింది. హైదరాబాదులో పనిచేసిన సైనికాధికారి చేత ప్రమాణం చేయించి మరీ వాంగ్మూలం తీసుకున్నారు. జేమ్స్ పరువు తీయడానికి రాయించిన ఆ కాగితాలే ఇవాళ ఆ ప్రేమకి పెద్ద సాక్ష్యం. సొంతవాళ్లు చెరిపేసినదాన్ని పగవాడి దస్తరం పదిలంగా దాచిపెట్టడం మనం తరచూ చూసేదే.

జేమ్స్ ఉద్యోగం ఎలాగో నిలబడింది. కోఠిలో రెసిడెన్సీ భవనం కట్టించడం మొదలుపెట్టాడు. పరదా దాటి వచ్చి ఆ భవనాన్ని ఎదురుగా చూసే వీలు భార్యకి లేదు. అందుకని దాని నమూనా ఒకటి చిన్నదిగా జనానా తోటలో కట్టించాడని చెబుతారు. నమూనా ఈనాటికీ ఉంది. పెద్ద భవనం తరవాత ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం.

1805లో పిల్లలిద్దరినీ చదువుకోసం ఇంగ్లండు పంపాలని తండ్రి నిశ్చయించాడు. అప్పటి కంపెనీ దొరల లెక్క అది. ఆలస్యమైతే తెల్లవాళ్ల లోకంలో పిల్లలకి చోటు దొరకదని భయం. పిల్లలు మద్రాసులో బొమ్మకి నిలబడి, సెప్టెంబరులో ఓడెక్కారు. జేమ్స్ అక్కణ్నుంచి కలకత్తా వెళ్లి, అక్టోబరు 15న జబ్బుతో కన్నుమూశాడు. నడిసముద్రంలో ఉన్న పిల్లలకి తెలియదు. హైదరాబాదులో ఉన్న భార్యకీ అప్పటికప్పుడు తెలియదు.

మరుసటి ఏడు మార్చి 25న లండన్‌లో పిల్లలకి బాప్తిజం ఇచ్చి విలియం జార్జి, కేథరిన్ అరోరా అని పేర్లు పెట్టారు. ఆ కేథరినే కిట్టీ. వాళ్లని తల్లికి ఉత్తరం రాయనివ్వలేదు. పిల్లవాడు 1812లో కాగుతున్న నీళ్ల గంగాళంలో పడి ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు, 1828లో చనిపోయాడు. కిట్టీ అందగత్తెగా పేరు తెచ్చుకుంది. కుర్ర టీచరుగా ఆమె బంధువుల ఇళ్లకి వచ్చిన థామస్ కార్లైల్ ఆమెను చూసి మురిసిపోయాడు. తరవాత ఆయన రాసిన ‘సార్టర్ రిసార్టస్’లో బ్లూమిన్ పాత్రకి ఆమే మూలమని చాలామంది నమ్మకం. ఈ ముచ్చట దగ్గర ఆగిపోయేవాళ్లు ఎక్కువ. నాకు మాత్రం కార్లైల్ కన్నా ఆ స్వాలోఫీల్డ్ బంగళా యజమానే ముఖ్యం.

అతని పేరు హెన్రీ రస్సెల్. ఒకప్పుడు హైదరాబాదు రెసిడెన్సీలో జేమ్స్ దగ్గర పనిచేసినవాడు. జేమ్స్ పోయాక సమాధి చూసుకోడానికి ఖైరున్నిసా తల్లిని వెంటబెట్టుకుని కలకత్తా వెళ్లింది. అక్కడ ఈ రస్సెల్‌కి దగ్గరైంది. ఆ కబురు తెలిసి మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు. తల్లీకూతుళ్లు మచిలీపట్నంలో ఉండిపోవాల్సి వచ్చింది. రస్సెల్ మద్రాసు వెళ్లి 1808లో ఓ తెల్లపిల్లని పెళ్లాడాడు. ఆ మాట బేగంతో చెప్పే ధైర్యం లేక తమ్ముడి మీదికి నెట్టాడు. ఆ పెళ్లి నెలల్లోనే ముగిసిపోయింది, భార్య చనిపోయింది. కొన్నేళ్లకు హైదరాబాదుకే రెసిడెంటుగా వచ్చాడు. ఖైరున్నిసా కూడా అప్పటికి సొంత ఊరు చేరింది. 1813 సెప్టెంబరులో, ఇరవై ఏడేళ్లకే ఆమె ఆయువు తీరింది. పిల్లల మొహం మళ్లీ చూడలేదు.

రస్సెల్ మీద నాకు జాలి లేదు. కానీ పిల్లల పటం చివరికి అతని చేతికి చేరితే, దాన్ని వేలం వేయలేదు, అటక మీద పారేయలేదు, ఇంగ్లండు తీసుకెళ్లి అందరికీ కనబడేలా గోడకి వేలాడదీశాడు. కన్నతండ్రి తరఫు వాళ్లు ఆ పిల్లకి ఇవ్వనిదాన్ని, తల్లిని వదిలేసిన మనిషి ఇంటి గోడ ఇచ్చింది. తన తదనంతరం ఆ పటం కిట్టీకే చెందాలని మాట కూడా ఇచ్చాడు. దాన్ని మించిన విషయం కిట్టీకి అప్పుడే తెలిసింది: హైదరాబాదులో అమ్మమ్మ ఇంకా బతికే ఉంది.

హైదరాబాదు రెసిడెన్సీలో డంకన్ మాల్కం అనే అధికారి మధ్యవర్తి అయ్యాడు. 1841లో కిట్టీ ఇంగ్లిషులో ఉత్తరం రాసింది. మూడేళ్ల పిల్లకి ఏం జ్ఞాపకముంటుందని మనం అనుకుంటాం. ఆమెకి తల్లి కూర్చున్న చోటు గుర్తుంది. వేరుపడే వేళ ఆమె గట్టిగా ఏడవడం, పొడుగాటి జుట్టు పీక్కోవడం గుర్తుంది. ఆ జుట్టులోంచి ఒక్క పాయ దొరికితే చాలని అడిగింది. కలలో అమ్మ కనిపిస్తుందనీ, తను ఇంగ్లిషులో మాట్లాడితే ఆమెకి అర్థం కాక బాధపడతాననీ రాసింది.

ఎనభైకి దగ్గరపడ్డ ముసలమ్మకి ఆ ఉత్తరం పారసీలో చదివి వినిపించారు. అప్పటికి ఆమె జాగీర్లు చేజారిపోయాయి, చేతిలో పెద్దగా ఏమీ లేదు. అయినా జవాబు మాత్రం పాత ఘరానా తీరులోనే వెళ్లింది. బంగారు రజను చల్లిన కాగితం మీద రాయసగాడి చేత పారసీలో రాయించి, ఖరీతా అనే జరీ సంచిలో పెట్టి పంపింది. దాంతోపాటు కూతురి జుట్టులోంచి దాచుకున్న పాయా పంపింది. కూతురు పోయి అప్పటికి ముప్పై ఏళ్లు కావస్తోంది.

ఆరేళ్లపాటు ఉత్తరాలు నడిచాయి. ప్రతి మాటా అనువాదకుల చేతుల మీదుగా, ఓడల మీద నెలల తరబడి వెళ్లాల్సిందే. తన తల్లిదండ్రులకి నిజంగానే పెళ్లయిందా అని కిట్టీ అడిగిందంటే, అడగవలసి రావడమే ఎంత కష్టమో ఆలోచించండి. 1847లో షరఫున్నిసా కన్నుమూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనేలేదు. కిట్టీ 1889 దాకా, ఇంగ్లండులోని టార్కీ అనే ఊళ్లో, బతికింది.

ఈ కథని తవ్వి తీసి 2002లో ‘వైట్ మొఘల్స్’ పేరుతో పుస్తకంగా ఇచ్చింది చరిత్రకారుడు విలియం డాల్‌రింపుల్. ఆ పని మీద ఉండగానే తన ఇంటి గుట్టు ఆయనకి తగిలింది. ఆయన ముత్తవ్వ తల్లి సోఫియా పాటిల్ కలకత్తాలో పుట్టింది, అక్కచెల్లెళ్లతో హిందుస్తానీలో మాట్లాడేది. వాళ్ల పూర్వీకుల్లో ఒకామె చంద్రనగర్‌కి చెందిన బెంగాలీ హిందూ స్త్రీ, కేథలిక్కుగా మారి ఫ్రెంచి అధికారిని పెళ్లాడింది. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌దీ అదే వంశం. డాల్‌రింపుల్ ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

ఇందులో వింతేమీ లేదు. 1780 నుంచి 1785 దాకా బెంగాల్లో తెల్లవాళ్లు రాసిన వీలునామాల్లో మూడింట ఒకదాంట్లో భారతీయ భార్యకో ప్రియురాలికో ఆస్తి రాసి ఉందని ఆయన లెక్క. తరవాతి తరాలు ఆ పేర్లు ఎత్తడం మానేశాయి. 2013లో ఒక డీఎన్‌ఏ సంస్థ బ్రిటన్ రాకుమారుడు విలియం తల్లి వైపు వంశాన్ని పరీక్షించి సూరత్ దాకా వెళ్లింది. అక్కడ కంపెనీ వర్తకుడు థియొడోర్ ఫోర్బ్స్ ఇంట్లో ఉన్న ఎలిజా కెవార్క్ అనే ఆమె దగ్గర ఆ వరుస ఆగింది. వీళ్ల కూతుర్ని కూడా ఆరేళ్లకే ఓడెక్కించి స్కాట్లాండు పంపేశారు. ఎలిజా అర్మేనియన్ అని కుటుంబం చెప్పుకుంటూ వచ్చింది. పేరు చూస్తే తండ్రి వైపు అర్మేనియనే కావచ్చు కూడా. తల్లి వైపు మాత్రం ఆమె మన దేశపు ఆడపడుచని ఆ పరీక్ష తేల్చింది.