టెస్లా కాయిల్ దక్షత: చరిత్ర

ఇనుప కోర్ లేకుండా, అనునాదం మీద పనిచేసే ట్రాన్స్‌ఫార్మరే టెస్లా కాయిల్. ప్రైమరీ, సెకండరీ వలయాల పౌనఃపున్యాలు కలిసినప్పుడు సెకండరీ కొసన లక్షల వోల్టులు పుడతాయి. నికోలా టెస్లా 1891 మే 20న న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో తీగ తగిలించని గొట్టాలను వెలిగించి చూపాడు. జూన్ 23న వచ్చిన పేటెంటు కూడా దీపాల పద్ధతికే.

తొలినాళ్లలో శక్తిని ఎక్కువగా మింగింది ప్రైమరీ వలయంలో స్విచ్చులా పనిచేసే స్పార్క్ గ్యాప్. రవ్వ దూకినప్పుడల్లా కొంత శక్తి వేడిగా, వెలుగుగా, చప్పుడుగా పోయేది. అది సమయానికి ఆరకపోతే సెకండరీకి చేరిన శక్తి తిరిగి ప్రైమరీకే వచ్చేది. దాన్ని ఆర్పడానికి టెస్లా గాలి ఊదించాడు, అయస్కాంతాలు పెట్టాడు. 1906లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ వీన్ లోహపు పలకల మధ్య సన్నని ఖాళీలను వరుసగా పేర్చి రవ్వ త్వరగా చల్లారేలా చేశాడు.

ప్రైమరీ, సెకండరీ చుట్లు ఎంత దగ్గరైతే అంత లాభమనిపిస్తుంది గానీ, లెక్క అలా లేదు. 1904లో భౌతిక శాస్త్రవేత్త పాల్ డ్రూడ్, ఆ దగ్గరితనాన్ని కొలిచే కప్లింగ్ గుణకం 0.6 దగ్గర వోల్టేజి బాగా వస్తుందని తేల్చాడు. చేతితో కట్టే కాయిళ్లలో అంత బిగిస్తే చుట్ల మధ్యే రవ్వలు లేస్తాయి, అందుకే 0.1, 0.2తో సరిపెట్టుకుంటారు. తీగ సంగతీ ఉంది: 100 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగిలో పైపైన 0.2 మిల్లీమీటర్ల పొరలోనే నడుస్తుంది. లావు తీగతో అనుకున్నంత ఫలితం రాదు. ఉప్పునీటి సీసాల కెపాసిటర్ల స్థానంలో పాలీప్రొపిలీన్‌వి వచ్చాక కెపాసిటర్లలో జరిగే నష్టం బాగా తగ్గింది.

చాలామంది పట్టించుకోనిది నేల. సెకండరీ అడుగు కొస భూమిలోకే పోతుంది. ఎర్తింగ్ నిరోధం ఎంత పెరిగితే అంత శక్తి మట్టిని వేడిచేస్తుంది. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో నేల పొడిగా ఉండడంతో టెస్లా పాతిన రేకు మీద నీళ్లు పారించాడు. హుజూరాబాద్ చుట్టుపక్కల చెల్క నేలల్లో ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయడం, ఉప్పు, బొగ్గు వేయడం కూడా నిరోధం తగ్గించడానికే.

తీగల్లేకుండా కరెంటు పంపాలన్న ఆశతో 1901లో టెస్లా మొదలుపెట్టిన వార్డెన్‌క్లిఫ్ టవర్‌ను 1917లో కూల్చేశారు. ఆ తర్వాత ఔత్సాహికుల చేతిలో దక్షతంటే రవ్వ పొడవేనన్నట్టు మారింది. ఇది కొలతగా అంత నమ్మదగింది కాదు, ఎందుకంటే రవ్వ ఎదిగేకొద్దీ కాయిల్ అనునాద పౌనఃపున్యమే మారిపోతుంది. గ్యాప్ బదులు ట్రాన్సిస్టర్ స్విచ్చులు వాడే కాయిళ్లు ఆ మార్పును వెంటాడుతూ పౌనఃపున్యాన్ని సవరించుకోగలవు. ఇక తీగల్లేని కరెంటు విషయానికొస్తే, 2007లో ఎంఐటీ బృందం అనునాద చుట్లతోనే రెండు మీటర్ల పైదూరంలో 60 వాట్ల బల్బును వెలిగించింది. దక్షత సుమారు 40 శాతం.