డైరెక్టరీ సర్వరుకు నాడి చూచుట

రైలును పంపబోవు స్టేషను మాస్టరు ముందుగా అవతలి స్టేషనును గంట సంకేతముతో అడుగును. అచ్చటినుండి ‘లైన్ క్లియర్’ వచ్చిన పిదపనే బండి కదలును. ఆ ఇద్దరికి ముఖపరిచయము అక్కరలేదు. గంటల అర్థము ఇద్దరికి ఒకటే అయినచో చాలును. ఈ సిగ్నలు విద్యను రైల్వే ఇంజనీర్లకు నేర్పు సంస్థ 1957లో సికిందరాబాదులోనే వెలసినది. కంప్యూటర్లకు కూడ ఇట్టి గంటల భాష కావలసివచ్చినది.

సికిందరాబాదులో 1994 సెప్టెంబరున ‘కన్సర్ట్’ అను రిజర్వేషను వ్యవస్థ మొదలైనది. 1999 ఏప్రిలు నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాదు కంప్యూటర్లు ఐదును కలిసినవి. ఇచ్చటి కిటికీవద్ద నిలిచి, ఢిల్లీలో ఎక్కవలసిన బండికి టికెట్టు కొనుట సాధ్యమైనది. సౌకర్యము వెంట చిక్కు కూడ వచ్చినది. దూరపు యంత్రము మూగవోయినచో, ఇచ్చటి వరుసలో నిలిచినవానికి కూడ ఇబ్బందియే.

ఆ సంవత్సరములలోనే డైరెక్టరీ సర్వరు విషయమున ఇదే చిక్కును విదేశపు నిపుణులు ఎదుర్కొనుచుండిరి. ఇది రిజర్వేషను యంత్రము కాదు. టెలిఫోను డైరెక్టరీకి చుట్టము. ఒక సంస్థలోనివారి పేర్లు, చిరునామాలు, రహస్యపదములు ఇందులో ఉండును. ఉద్యోగి ఉదయము కంప్యూటరు ముందు కూర్చుండి పేరు చెప్పగానే, అతడు అతడేనా అని దీనినే అడుగుదురు. ఇది ఆగినచో తక్కిన యంత్రములన్నియు బాగున్నను ఆఫీసు పని సాగదు! దీనికి ఎక్స్.500 అను ప్రమాణము 1988లోను, దానికంటె తేలికైన ఎల్.డి.ఏ.పి. అను పద్ధతి 1993లోను ఏర్పడినవి.

దాని క్షేమము విచారించుట ఎట్లు? యంత్రములను ప్రశ్నించుటకు ఎస్.ఎన్.ఎం.పి. అను ఉమ్మడి భాష 1988లోనే పుట్టినది. యంత్రములో ‘ఏజెంటు’ అను చిన్న ప్రోగ్రాము కూర్చుండును. దూరమునుండి ‘మేనేజరు’ అడిగిన అంకెను అది చెప్పును. డైరెక్టరీని ఏయే అంకెలు అడుగవలెనో గ్లెన్ మాన్స్‌ఫీల్డ్, స్టీవ్ కిల్ అనువారు 1994 జనవరిలో ఒక పట్టికగా కూర్చిరి. ఎన్ని వెదకులాటలు జరిగినవి? గుర్తింపు కుదరక ఎందరిని త్రిప్పిపంపినది? ఈ రెండవ అంకె హఠాత్తుగా పెరిగినచో ఎవడో రహస్యపదములను ఊహించుచున్నాడని శంకింపవచ్చును. నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి: తోటి డైరెక్టరీతో చివరిసారి మాటాడ ప్రయత్నించినది ఎప్పుడు, చివరిసారి సఫలమైనది ఎప్పుడు, అటుపిమ్మట ఎన్నిసార్లు విఫలమైనది? ఎల్.డి.ఏ.పి. సర్వర్లకు కూడ సరిపోవునట్లు ఈ పట్టికను 1999 జూన్‌లో సవరించిరి.

విద్యార్థులు ఒక లెక్క చేయవచ్చును. వెదకులాటల అంకె పది గంటలకు 48,200, అయిదు నిమిషముల తరువాత 49,700 అనుకొందము. ఏ ఒక్క అంకెయు మనకేమియు చెప్పదు. భేదము 1,500, దానిని 300 సెకండ్లచే భాగించగా సెకండుకు 5. ఈ అంకె 4,29,49,67,295 వరకు పెరిగి, కారు మైలు మీటరు వలె మరల సున్నకు వచ్చును. అందుచేత రెండవ అంకె మొదటిదానికంటె చిన్నదైనచో కంగారు పడరాదు. అంకె ఒక చుట్టు తిరిగియుండవచ్చును, లేదా సర్వరు మధ్యలో ఆగి మరల మొదలై యుండవచ్చును. ఎంతకాలముగా నడుచుచున్నావని అడిగినచో ఏది జరిగినదో తేలిపోవును.

అసలు జవాబే రానిచో? ప్రశ్నయే దారిలో తప్పిపోయి యుండవచ్చును. ఈ పద్ధతిలో సందేశము చేరునని హామీ లేదు. కనుక రెండు మూడుసార్లు అడిగి, అప్పటికిని మౌనమే అయినచో, ఇంజనీరును నిద్రలేపుదురు.